కేస్ షీటు నుంచి కంప్యూటరు దాకా



నేను రాయచూరు జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని తాతల కాలంలో ఇటు వచ్చిన కుటుంబాలలో మాదీ ఒకటి. సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో ఉండే శ్రోతలకు ఈ రెండు భాషల సంసారం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఈ రోజు నేను మీతో ముచ్చటించబోయేది ఆసుపత్రులకు సంబంధించిన కంప్యూటరు పని గురించి. హెల్త్‌కేర్ ఐటీ అని అంటున్నారు. ఒక వృత్తిలో కొన్నేళ్లు గడిపి, దాన్ని వదిలి ఈ పనిలోకి వద్దామా అని ఆలోచించేవారిని దృష్టిలో పెట్టుకుని నాలుగు మాటలు చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా క్యాంపులో ఒక పెద్దావిడకు గుండె కవాటం చెడిపోయింది. రేషను కార్డు ఉంది కాబట్టి ప్రభుత్వ పథకంలో ఆపరేషన్ చేయించవచ్చునన్నారు. ఏ ఆసుపత్రో మనకు అనవసరం. చేర్చిన మర్నాడే, అనుమతి కోసం పంపిన కాగితాలు తిరిగి వచ్చేశాయి. పేరు కుదరలేదట. ఆవిడ పేరు లక్ష్మి అనుకుందాం. కన్నడంలో ఉన్న రేషను కార్డులో లక్ష్మమ్మ. ఆధార్ కార్డులో ముందు ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత లక్ష్మి. పాత ఆసుపత్రి చీటీలో లక్ష్మీదేవి. పైగా వయసులో నాలుగేళ్ల తేడా. కొడుకు రెండు రోజులు కౌంటరు చుట్టూ తిరిగాడు. లోపల ఆవిడకు ఆయాసం తగ్గడం లేదు. మూడో రోజు అక్కడి ఆరోగ్యమిత్ర కుర్రాడు ఒకడు పూనుకుని, ముగ్గురూ ఒకే మనిషి అని డాక్టరు చేత రాయించి, కాగితాలన్నీ మళ్లీ కంప్యూటరులో ఎక్కించి, పై ఆఫీసుకు ఫోను చేసి వెంటపడ్డాడు. సాయంత్రానికి అనుమతి వచ్చింది.

నేను ఆ కుర్రాడితో కాసేపు మాట్లాడాను. అంతకు ముందు ఆరేళ్లు మందుల షాపులో పనిచేశాడట. "కంప్యూటరుకు లక్ష్మి వేరు, లక్ష్మమ్మ వేరు సార్. మందుల షాపులో ఒకే మనిషిని మూడు పేర్లతో పిలవడం రోజూ చూసేవాణ్ణి. అందుకే నాకు వెంటనే అర్థమైంది" అన్నాడు. కంప్యూటరు అతను అక్కడికి వచ్చాక ఆరు నెలల్లో నేర్చుకున్నాడు. ఆ ముసలమ్మను కాపాడింది మాత్రం అంతకు ముందు ఆరేళ్లలో నేర్చుకున్నది.

ఈ రంగంలో వృత్తి మారినవాళ్ల కథ చాలా పాతది. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవచేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను దీపం పట్టుకున్న దేవతగా మన పాఠ్యపుస్తకాలు చూపిస్తాయి. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చాక ఆమె చేసిన పని ఎక్కువమందికి తెలియదు. తుపాకి దెబ్బలకన్నా మురికివల్ల వచ్చే రోగాలతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని లెక్కలు కట్టి, రంగుల పటాలు గీయించి, 1858లో ప్రభుత్వం ముందు పెట్టింది. ఒక నర్సు చేసిన ఆరోగ్య సమాచార పని అది. కంప్యూటరు లేకపోవడం ఒక్కటే తేడా.

మన తెలుగు నేల మీద ఈ పని తొలి అడుగులు వేసిన చోట్లలో ఒకటి కుప్పం. అదీ మనలాగే సరిహద్దు ప్రాంతం. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడూ కలిసే చోటు. దక్షిణాఫ్రికాలో 1990లలో మొదలై, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం తోడుగా పెరిగిన ఆరోగ్య సమాచార కార్యక్రమం ఒకటుంది. 2000 సంవత్సరం ప్రాంతంలో దాన్ని కుప్పంలోని తొమ్మిది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. అదే కాలంలో నల్లగొండ జిల్లాలో ఎ.ఎన్.ఎం.ల చేతికి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లిచ్చి, గర్భిణుల వివరాలు, టీకాల వివరాలు అందులో రాయించి చూశారు. ఊరూరా నడిచి తిరిగే ఎ.ఎన్.ఎం. అసలే రిజిస్టర్ల బరువుతో వంగిపోయి ఉంటుంది. యంత్రం ఇచ్చి రిజిస్టరు తీసెయ్యకపోతే ఒకే పని రెండుసార్లు చేయాలి. మా బడిలో కూడా హాజరు పుస్తకంలో ఒకసారి, ఫోనులో ఒకసారి వేస్తుంటాం కనుక నాకు ఆ బాధ బాగా తెలుసు. యంత్రం పెట్టేముందు ఆ ఎ.ఎన్.ఎం.తో ఒక పూట నడిచిన మనిషి అవసరమన్నది ఇలాంటి చోట్లే తెలుస్తుంది.

ఆ తర్వాత పెద్ద మార్పు ఆరోగ్యశ్రీతో వచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వెనుకబడిన జిల్లాలలో దాన్ని మొదలుపెట్టారు. అనంతపురం, శ్రీకాకుళం, మూడోది మహబూబ్‌నగర్. కృష్ణ దాటితే అప్పట్లో మనకు ఎదురయ్యే జిల్లా అదే. రోగి నమోదు, ఆపరేషనుకు అనుమతి, డిశ్చార్జి, డబ్బు చెల్లింపు, అన్నీ కంప్యూటరు మీదే నడిచాయి. ఆసుపత్రికీ రోగికీ మధ్య ఆరోగ్యమిత్రలను నిలబెట్టారు. మన వైపు 2010లో వాజపేయి ఆరోగ్యశ్రీని మొదట గుల్బర్గా విభాగంలోనే, అంటే మన రాయచూరుతో కలిపి, ప్రారంభించారు. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. 2021 సెప్టెంబరులో డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలై, 14 అంకెల ఆరోగ్య సంఖ్య వచ్చింది. ఇలా ఒక్కొక్క పథకం వచ్చినప్పుడల్లా డాక్టరూ నర్సూ కాని, వారి మాట అర్థమయ్యే మనుషులు కావలసి వచ్చారు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి చెబుతాను. వాడు బి.కాం. చదివి సింధనూరులో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా ఉండేవాడు. 2002లో ఆ పని మానేసి హైదరాబాదు వెళ్లాడు. అప్పుడు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ జోరుగా ఉంది. అమెరికాలో డాక్టరు పగలు రోగిని చూసి, వివరాలు మాటల్లో చెప్పి రికార్డు చేస్తాడు. అక్కడ రాత్రయితే మనకు పగలు. మనవాళ్లు చెవులకు పెట్టుకుని విని టైపు చేసి, తెల్లారేసరికి అక్కడికి పంపేస్తారు. తమ్ముడి వేళ్లు చురుకు. మూడేళ్లు బాగానే సంపాదించాడు. ఆ డబ్బుతోనే మా ఇంటికి స్లాబు పడింది. తర్వాత మాటను విని తనే రాసుకునే కంప్యూటర్లు వచ్చాయి. పని తగ్గింది, రేటు తగ్గింది. "అన్నయ్యా, నేను వినింది టైపు చేశానే గానీ, ఆ మాటలకు అర్థమేమిటని ఒక్కరోజూ అడగలేదు" అని ఇంటికి వచ్చాక నాతో అన్నాడు. వాడి పక్క కుర్చీలో కూర్చున్న ఒకతను మాత్రం విన్న ప్రతి జబ్బు గురించీ పుస్తకం తిరగేసేవాడట. అతను మెడికల్ కోడింగుకు మారి ఇప్పటికీ అదే రంగంలో ఉన్నాడు. తమ్ముడు క్యాంపు రోడ్డు మీద జిరాక్సు దుకాణం పెట్టాడు.

కోడింగు అంటే కంప్యూటరు ప్రోగ్రాం రాయడం అనుకునేరు, అది వేరు. డాక్టరు కేస్ షీటులో రాసినదాన్ని చదివి, ఆ జబ్బుకు, ఆ చికిత్సకు నిర్ణయించిన సంకేత సంఖ్య వేయడం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసే జబ్బుల పట్టికను ఐసిడి అంటారు. అందులో రక్తపోటుకు ఐ 10. ఉపద్రవాలు లేని రెండో రకం మధుమేహానికి ఇ 11.9. మన చేలల్లో కరిచే పాము విషానికి టి 63.0. అమెరికా వాళ్ల పట్టికలో కోడి పొడిస్తే కూడా వేరే సంఖ్య ఉంది, డబ్ల్యు 61.33. నవ్వొస్తుంది గానీ, జబ్బుకూ చికిత్సకూ సంఖ్యలు సరిగ్గా పడితేనే అక్కడ బీమా డబ్బు వస్తుంది. 2015 అక్టోబరు 1న అమెరికా పాత పట్టిక నుంచి కొత్తదానికి మారినప్పుడు, జబ్బుల సంకేతాలు సుమారు 14 వేల నుంచి 68 వేలకు పెరిగాయి. పాత సంఖ్యలు కంఠస్థం చేసినవారు అవస్థపడ్డారు. శరీర నిర్మాణం తెలిసినవారు కొత్త పుస్తకం పట్టుకుని ముందుకు పోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ పట్టిక కూడా 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పుడు కంప్యూటరు తనంతట తానే సంకేతం సూచిస్తోంది. అది తప్పో ఒప్పో చెప్పగలవాడు కావాలి. తమ్ముడి అనుభవం చూశాక నేను ఎవరడిగినా చెప్పేది ఒకటే: యంత్రం నేర్చుకోండి, కానీ అంతకు రెండింతలు జబ్బు గురించి నేర్చుకోండి.

ఇది బాగా చేసి చూపించింది నా పాత విద్యార్థిని ఒకమ్మాయి. క్యాంపు పిల్ల. కన్నడ మాధ్యమంలో ఎస్.ఎస్.ఎల్.సి. పాసై, తర్వాత నర్సింగ్ డిప్లొమా చేసింది. పదేళ్లు ఆసుపత్రి వార్డులో పనిచేసింది. రోగులను లేపి పడుకోబెట్టి నడుములో డిస్కు జారింది. రాత్రి డ్యూటీలు చేయవద్దని డాక్టరు చెప్పాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలు. ముప్పై ఏళ్లు దాటాక మళ్లీ ఏమి చదువుతావని ఇంట్లో అందరూ నిరుత్సాహపరిచారు.

ఆ సమయంలోనే ఆమె ఉన్న ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేరు పెట్టారు. కంపెనీ కుర్రాళ్లు వచ్చి వార్డులో కంప్యూటరు ముందు కూర్చున్నారు. చిన్నపిల్లల వార్డులో మందు రాసే పేజీలో బిడ్డ బరువు వేసే గడి ఎక్కడో మూడో పేజీలో ఉంది. ఈ అమ్మాయి, "ముందు బరువు అడగండి. పిల్లలకు మోతాదు కిలోల లెక్కన కదా. బరువు లేకుండా డాక్టరు మందు ఎలా రాస్తాడు?" అంది. ఇంకో రోజు, పరగడుపున చేసే షుగరు పరీక్ష దగ్గర పేచీ వచ్చింది. వార్డులో ఆరు గంటలకు రక్తం తీస్తారు. అది లేబరేటరీకి చేరేసరికి ఎనిమిదిన్నర. కంప్యూటరు చేరిన టైము చూపిస్తుంది. ఈలోగా రోగి ఏడున్నరకు ఇడ్లీ తిన్నాడని కేస్ షీటులో ఉంటుంది. చూసిన డాక్టరుకు అది పరగడుపు పరీక్షో తిన్నాక చేసిందో తెలియదు. తీసిన టైముకు వేరే గడి పెట్టించింది ఈ అమ్మాయే. ఇంజనీరింగు చదివిన ఆ కుర్రాళ్లకు తెలివి తక్కువై కాదు, వాళ్లు వార్డులో తెల్లవారుజామున నిలబడలేదు, అంతే.

ఆసుపత్రివారు ఆమెను ఆ సాఫ్ట్‌వేరుకు వార్డు తరఫు మనిషిగా పెట్టారు. రెండేళ్లు నర్సు జీతం మీదే ఆ పని చేస్తూ, రాత్రిళ్లు పట్టికలు వేయడం, డేటాబేసును ప్రశ్నలడగడం నేర్చుకుంది. తర్వాత హైదరాబాదులో ఒక కంపెనీలో చేరింది. మొదటి ఏడాది జీతం పాతదానికన్నా తక్కువే వచ్చింది. వృత్తి మారేవారు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. సంసారం ఉన్నవారు ఏడాది ఖర్చులకు దారి చూసుకోకుండా ఉన్న ఉద్యోగం వదలవద్దు. ఆమె భర్తకు పొలం ఉంది కాబట్టి ఆ ఏడాది గడిచింది.

ఇప్పుడు ఆమె పని ఆసుపత్రులకు వెళ్లి అక్కడివారికి సాఫ్ట్‌వేరు నేర్పడం. "మాస్టారూ, నేనూ మీ పనే చేస్తున్నాను" అని ఫోనులో నవ్వింది. నిజమే. మాకు బి.ఎడ్.లో చెప్పిన మొదటి సూత్రం, తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించమని. యాభై ఏళ్లు దాటిన హెడ్ నర్సుకు మౌస్ ఎలా పట్టుకోవాలో చెప్పేటప్పుడు, రిజిస్టరులో ఏ గడి తర్వాత ఏ గడి నింపుతారో అదే వరసలో చూపిస్తే భయం పోతుంది. పదిమంది ముందు తప్పు ఎత్తిచూపితే ఆమె మళ్లీ కంప్యూటరు దగ్గరికి రాదు. ఇది పాఠం చెప్పినవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. 2020లో బడులు మూతపడి జీతాలు పోయిన ప్రైవేటు టీచర్లు కొందరు నాకు తెలుసు. కూరగాయలమ్మారు, కూలికి వెళ్లారు. వారికి ఆరోగ్య రంగంలో ఇలాంటి నేర్పే పని ఉందని ఆ రోజు నేనూ చెప్పలేకపోయాను. నాకూ తెలియదు.

మన రెండు భాషలు కూడా ఇక్కడ అక్కరకొస్తాయి. ఒక్క ఉదాహరణ చెబుతాను. మన కన్నడంలో రోగి "సుస్తు" అంటే అలసట, నీరసం. తెలుగులో "సుస్తీ చేసింది" అంటే జబ్బు పడ్డాడని. కౌంటరులో కూర్చున్న మనిషికి ఒక్క భాషే వస్తే, నీరసమన్నవాడి పేరున జ్వరమో, జ్వరమన్నవాడి పేరున నీరసమో కంప్యూటరులో పడుతుంది. ఒకసారి పడిందంటే తర్వాత చూసే ప్రతి డాక్టరూ దాన్నే చదువుతాడు.

చదువు సంగతికి వద్దాం. కర్ణాటకలో పారామెడికల్ డిప్లొమాలలో మెడికల్ రికార్డ్స్ టెక్నాలజీ ఒకటి ఉంది. డిగ్రీ ఉన్నవారికి ప్రభుత్వ సంస్థ సి-డాక్ హెల్త్‌కేర్ ఇన్ఫర్మాటిక్స్‌లో పోస్టుగ్రాడ్యుయేట్ డిప్లొమా నడిపింది. కోడింగులో అమెరికా సంస్థ ఒకటి సి.పి.సి. అనే పరీక్ష పెడుతుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే ఉత్తీర్ణత. పుస్తకం చూసి రాయవచ్చు. మా పిల్లలు ఈ మాట వింటే పండగ చేసుకుంటారు గానీ, ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా ఉండవు, పుస్తకంలో ఎక్కడ చూడాలో తెలియనివాడికి ఆ పుస్తకం బరువే. కోడింగు కంపెనీలు ఎక్కువగా ఫార్మసీ, నర్సింగు, జీవశాస్త్రం చదివినవారినే అడుగుతాయి. బి.కాం. వారికి బీమా క్లెయిముల వైపు దారి కొంత సులువు. రాయచూరులోనే ఉండి చేసే ఉద్యోగాలు కొద్ది. చాలామంది హైదరాబాదు రైలెక్కవలసిందే. అది దాచిపెట్టి ఆశ చూపడం నాకిష్టం లేదు.

ఆశ చూపేవారు వేరే ఉన్నారు. నా విద్యార్థి తండ్రి ఒకాయన, నూటికి నూరుపాళ్లు ఉద్యోగం ఇప్పిస్తామన్న ఒక శిక్షణ కేంద్రానికి భార్య గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టాడు. నాలుగు నెలల తర్వాత వెళితే బోర్డు లేదు. కిందటి ఏడాది అక్కడ చదివినవారిలో ముగ్గురి ఫోను నంబర్లడిగి, వాళ్లతో స్వయంగా మాట్లాడి, తర్వాతే డబ్బు కట్టండి. నంబరు ఇవ్వనంటే లేచి వచ్చేయండి.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని ఏ కోర్సులోనూ సరిగ్గా చెప్పరు. ఆ నర్సమ్మాయి వార్డు తరఫున కంప్యూటరు చూస్తున్న రోజుల్లో సొంత మేనత్త వచ్చి, "ఫలానా వాళ్లమ్మాయిని మనవాడికి అడుగుతున్నాం, ఆ పిల్ల మీ ఆసుపత్రికి వచ్చిందట, రిపోర్టులో ఏముందో కాస్త చూసి చెప్పమ్మా" అని అడిగిందట. "అత్తా, అది నేను చూడకూడదు, చూసినా చెప్పకూడదు" అంది. మేనత్త ఏడాదిపాటు వాళ్లింటి గడప తొక్కలేదు. అందరికీ అందరూ తెలిసిన క్యాంపుల్లో ఒక రిపోర్టు బయటికి పొక్కితే ఒక పెళ్లి ఆగిపోతుంది. అమెరికాలో దీనికి 1996 నుంచి చట్టం ఉంది. మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. చట్టం రాకముందే ఆ అమ్మాయి దాన్ని పాటించింది, చుట్టరికం పోగొట్టుకుని మరీ.

మా తమ్ముడి కథ దుకాణంతో ఆగిపోలేదు. ఆరోగ్య కార్డుల కోసం జనం వాడి దగ్గరికే వస్తున్నారు. పేర్లు తేడా వచ్చిన చోట ఏ కాగితం పెడితే కుదురుతుందో వాడికి బాగా తెలిసిపోయింది. నలభై అయిదేళ్ల వయసులో ఇప్పుడు ఒక ఆసుపత్రి బీమా విభాగంలో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాడు. ఈసారి మాటలకు అర్థం తెలుసుకుంటున్నాడు. వైద్యపదాలు చాలావరకు మన సంధుల్లాంటివే. విడదీస్తే లొంగుతాయి. చివర "ఐటిస్" వస్తే వాపు, "ఎక్టమీ" వస్తే కోసి తీసేయడం. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక నోటు పుస్తకం పట్టుకుని నా దగ్గర కూర్చుంటాడు. నిన్న "కోలెసిస్టెక్టమీ" దగ్గర ఆగాం. "కోలె" అంటే పిత్తం, "సిస్ట్" అంటే సంచి, "ఎక్టమీ" సంగతి చెప్పాను కదా. "అయితే అన్నయ్యా, ఇరవై ఏళ్ల కిందట ఈ మాట నేను కొన్ని వందలసార్లు టైపు చేశాను" అన్నాడు. ఈ రాత్రికి ఇంకో ఇరవై మాటలు రాసుకుని వస్తానన్నాడు.